పాలకొల్లు బేస్ మాస్టారి ఆర్పెజియో క్లాసు: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి డబ్బు దండగ

బేస్ గిటార్ కొని ఏడాదో రెండేళ్లో అయిపోయి, కీబోర్డ్ ఆయన ఏ కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) పట్టుకుంటే ఆ కార్డు పేరున్న నోటునే బార్ (తాళంలో ఒక చుట్టు) అంతా గుద్దుకుంటూ పోవడం దాకా వచ్చి, అక్కడే ఆగిపోయిన వాళ్లు మన గోదావరి జిల్లాల్లో బోలెడంత మంది. చర్చిల్లో ఉన్నారు, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో ఉన్నారు, కాలేజీ బ్యాండ్లలో ఉన్నారు. ఈ రివ్యూ వాళ్లకి. ఇంకా గిటారే కొనని వాళ్లకి, స్లాప్ (బొటనవేలితో తీగని చరచడం) కొట్టి రీల్స్ పెడదామనుకునే వాళ్లకి ఈ క్లాసులో దొరికేదేం లేదు, ఆ మాట మాస్టారే మొదటి రోజు మొహం మీద చెప్పేస్తారు.

క్లాసు పాలకొల్లులో, పెద్ద గోపురం నుంచి నడిచి వెళ్లే దూరంలో, ఒక డాబా మీద వేసిన రేకుల గదిలో. బోర్డు లేదు, మ్యాప్‌లో కొడితే రాదు. పేరు కూడా రాయొద్దన్నారు, రాస్తే ఊళ్లో పిల్లలందరూ వచ్చి లీడ్ గిటార్ నేర్పమని కూర్చుంటారట. ఆయన ఈ చుట్టుపక్కల ఆర్కెస్ట్రాల్లో చాలాకాలం బేస్ వాయించిన మనిషి, ముహూర్తాల సీజన్లో ఇప్పటికీ వాయిస్తారు. ఫీజు నెలకి 1500. వారానికి రెండు రోజులు, రోజుకి గంట అని చెబుతారు గానీ గంటన్నర కాకుండా వదిలిన రోజు నాకు గుర్తులేదు. బ్యాచ్‌కి ముగ్గురే. నేర్పేది ఒకటే, ఆర్పెజియోలు, అంటే కార్డులో ఉండే స్వరాల్ని కలిపి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి వాయించడం. స్కేళ్లు (స్వరాల వరసలు) విడిగా చెప్పరు, పాటలు మొదటి నెల ముట్టుకోనివ్వరు, మూడు నెలల్లో అంతా అయిపోతుంది, ఆ తర్వాత "ఇంక నాకు డబ్బులియ్యకండి, వెళ్లి వాయించుకోండి" అని పంపించేస్తారు. ఈ ఒక్క విషయానికే నేను ఎక్కువ మార్కులు వేశాను, ఎందుకంటే నెలనెలా ఫీజు వస్తుంటే ఏళ్ల తరబడి సాగదీసే క్లాసులు మనకి తెలియనివి కావు.

ఆర్పెజియోలే ఎందుకు అన్నదానికి ఆయన చెప్పిన కారణం సూటిగా ఉంది. బేస్ మీద రెండు మూడు కింది నోట్లు కలిపి కొట్టి చూడండి, అంతా ముద్దగా, గుర్రుమంటూ వినిపిస్తుంది, ఏ నోటు ఏదో తెలియదు. అందుకని బేస్ వాయించేవాడు కార్డు చెప్పాలంటే విడివిడిగానే చెప్పాలి, వేరే దారి లేదు. ఇది మన మాస్టారి సొంత సిద్ధాంతమేం కాదు. 1960ల్లో లాస్ ఏంజిలెస్ స్టూడియోల్లో లెక్కలేనన్ని రికార్డింగులకి బేస్ వాయించిన కేరల్ కే కూడా తన దగ్గరికొచ్చిన వాళ్లని స్కేళ్ల మీద కంటే కార్డు స్వరాల మీద కూర్చోబెట్టింది. తేడా ఏంటంటే మన మాస్టారు దాన్ని సరిగమల భాషలో చెబుతారు, ఆ భాషే మా బ్యాచ్‌లో అందరికీ తొందరగా ఎక్కింది.

ఎలాగంటే, మేజర్ కార్డు అంటే స (అంటే కార్డు పేరున్న నోటు), అంతర గాంధారం, ప. మైనర్ కావాలా, ఆ గాంధారాన్ని ఒక్క ఫ్రెట్ (గిటార్ మెడ మీద లోహపు గీతల మధ్య గడి) తగ్గించి సాధారణ గాంధారం చెయ్యండి, మిగతావి కదపక్కర్లేదు. సెవెన్త్ కార్డులకి పైన నిషాదం కలుస్తుంది: అంతర గాంధారం, కాకలి నిషాదం కలిస్తే మేజర్ సెవెన్, అంతర గాంధారానికి కైశికి నిషాదం తోడైతే మామూలు సెవెన్, సాధారణ గాంధారానికి కైశికి నిషాదం అయితే మైనర్ సెవెన్. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు చిన్నప్పుడు అరగంట పాడినవాడికైనా అంతర గాంధారం చెవిలో ఉంటుంది, 'మేజర్ థర్డ్' అంటే తెల్లమొహం వేసేవాడు 'గ పాడరా' అంటే ఠక్కున పాడేస్తాడు. మా బ్యాచ్‌లో భీమవరం నుంచి ఒకమ్మాయి వచ్చేది, వయొలిన్ కొంత నేర్చుకున్న పిల్ల, హాఫ్ డిమినిష్డ్ (మైనర్ సెవెన్‌లో ప ని ఒక ఫ్రెట్ తగ్గించిన కార్డు) దగ్గర ఆయన్ని పట్టేసుకుంది. "మాస్టారూ, పంచమం తగ్గదు కదండీ, దానికి రెండో రకమే లేదు" అంటే ఆయన నవ్వేసి, "తగ్గదమ్మా, అందుకే ప తీసేసి అక్కడ ప్రతి మధ్యమం పెట్టుకో, ఫ్రెట్ ఒకటే కదా" అన్నారు. సంగీతం చదువుకున్నవాళ్లు దీని మీద గొడవ పడొచ్చు. వేలు ఎక్కడ పెట్టాలో తెలిసింది, నాకది చాలు.

ఇంక అసలు క్లాసు సంగతి. మొదటి రోజంతా ఒకే ఒక్క జి మేజర్. కింది 'ఇ' తీగ మీద మూడో ఫ్రెట్ దగ్గర మధ్యవేలితో జి, పక్క తీగ మీద రెండో ఫ్రెట్ చూపుడువేలితో బి, అదే తీగ మీద ఐదో ఫ్రెట్ చిటికెనవేలితో డి, ఆ పై 'డి' తీగ మీద మళ్లీ ఐదో ఫ్రెట్, పై జి. నాలుగు నోట్లు, యూట్యూబ్‌లో ఎవరైనా రెండు నిమిషాల్లో చెప్పేస్తారు. కానీ చివరి రెండు నోట్లూ ఒకే ఫ్రెట్ మీద, రెండు తీగల మీద, రెండూ చిటికెనవేలికే వస్తాయి. వేలిని ఎత్తి పక్క తీగ మీద పెడితే మధ్యలో చిన్న ఖాళీ పడుతుంది, వేలిని రెండు తీగల మీదా పరిచేస్తే రెండు నోట్లూ కలిసి మోగుతాయి. మాస్టారు చేయించింది ఏంటంటే, ముందు వేలి కొసతో 'ఏ' తీగ నొక్కి, తర్వాతి నోటుకి వేలిని ఎత్తకుండా కొంచెం వాల్చి, కొస వెనకాల మెత్తటి భాగంతో 'డి' తీగ నొక్కించడం. వాలేటప్పుడు కొస వదులై 'ఏ' తీగని తాకీ తాకనట్టు ఉంటుంది, కాబట్టి అది మోగకుండా ఆగిపోతుంది. ఈ ఒక్క కదలిక కోసం ఆయన మా ఒక్కొక్కరి చెయ్యి పక్కన మోకాలి మీద కూర్చుని, చెవి గిటార్ చెక్కకి దగ్గర పెట్టి, ఆంప్ (గిటార్ శబ్దం పెంచే పెట్టె) ఆపేసి విన్నారు. ఆంప్ ఉంటే ఈ లోపాలు కప్పబడిపోతాయట. మా బ్యాచ్‌లో రాజోలు వైపు కుర్రాడొకడు వీడియోల్లో చూసి ఫ్రెట్ల మొదట్లో, తీగల చుట్టూ జుట్టుకి పెట్టుకునే రబ్బరు బ్యాండ్ తగిలించుకొచ్చాడు, ఖాళీ తీగలు మోగకుండా. మాస్టారు దాన్ని తీసి వాడి జేబులోనే పెట్టి "రికార్డింగుకి వెళ్లినప్పుడు పెట్టుకో నాన్నా, ఇక్కడ నీ చేత్తోనే ఆపు" అన్నారు. వాడు "ఆయ్, అలాగేనండి" అన్నాడు గానీ ఆ వారమంతా మొహం ముడుచుకునే ఉన్నాడు.

మైనర్ దగ్గరికి వచ్చేసరికి చేతులు చిన్నవైన వాళ్లకి కష్టం మొదలవుతుంది. జి మైనర్‌కి చూపుడువేలు మూడో ఫ్రెట్ మీద, చిటికెనవేలు అదే తీగ మీద ఆరో ఫ్రెట్ మీద, మామూలు బేస్ గిటార్‌కి తీగ పొడవు 34 అంగుళాలు కాబట్టి కింది ఫ్రెట్ల దగ్గర ఆ నాలుగు ఫ్రెట్ల వెడల్పు అందడం అందరి వల్లా కాదు. అందని వాళ్లని లాగి పట్టమని బలవంతపెట్టలేదు, ఇది నాకు బాగా నచ్చింది. ఆ ఆరో ఫ్రెట్ నోటుని, అంటే బి ఫ్లాట్‌ని, 'ఏ' తీగ మీద మొదటి ఫ్రెట్ దగ్గర తీసుకోమన్నారు, డిని ఖాళీ తీగ మీద వాయించమన్నారు. డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద బేస్) వాళ్లలా చూపుడు, మధ్య, చిటికెన వేళ్లు మాత్రమే వాడి చెయ్యిని జరుపుకుంటూ వెళ్లే పద్ధతి కూడా చూపించారు. మణికట్టు నొప్పి అన్న మాట వినపడితే చాలు, వాయించడం ఆపించేస్తారు. రెండు గంటలు నొప్పితో సాధన చేశానని గొప్పగా చెప్పుకునే వాళ్లంటే ఆయనకి ఒళ్లు మంట.

ఇంటికి ఇచ్చే పని చాలా బోరు. ఫోన్లో శ్రుతి పెట్టె యాప్ పెట్టుకుని, జి శ్రుతి మోగుతుండగా జి మీద నాలుగు రకాల సెవెన్త్ ఆర్పెజియోలూ నెమ్మదిగా, ఒక్కో నోటు నోటితో పాడుతూ వాయించాలి. మెట్రోనోమ్ (తాళానికి క్లిక్కులు కొట్టేది) నిమిషానికి 60 దాటకూడదు. అది స్థిరపడ్డాక మెట్రోనోమ్‌ని సగానికి దించి, వినిపించే క్లిక్కుల్ని రెండో దెబ్బ, నాలుగో దెబ్బ అనుకుని వాయించాలి, మొదటి రోజు దీంతో అందరికీ బుర్ర తిరుగుతుంది. తర్వాత నాలుగో స్వరం ఎడంలో, అంటే స నుంచి మ దాకా ఉండే ఎడంలో, కార్డులు మార్చుకుంటూ పోవడం: సి, ఎఫ్, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్, అలా పన్నెండు చుట్టి మళ్లీ సి దగ్గరికి. బేస్ తీగలు శ్రుతి చేసేదే ఆ ఎడంలో కాబట్టి 'ఏ' తీగ మూడో ఫ్రెట్ మీద సి వాయించి, అదే ఫ్రెట్‌లో పక్క తీగకి వెళ్తే ఎఫ్, ఇంకో పక్కకి వెళ్తే బి ఫ్లాట్. అక్కడితో తీగలు అయిపోతాయి, ఇ ఫ్లాట్ కోసం వెనక్కి 'ఏ' తీగ ఆరో ఫ్రెట్‌కి దూకాలి, ఆ దూకుడులోనే అందరికీ తాళం తప్పుతుంది. ఈ చుట్టుని ఆయన పాత క్యాలెండర్ కాగితం వెనక గడియారంలా గీసి గోడకి అంటించారు, అది తప్ప గదిలో ఇంకో పాఠ్యపుస్తకం లేదు.

రెండో నెల ఎక్సర్‌సైజ్ గురించి మాత్రం వివరంగా రాయాలి, నా దృష్టిలో 1500 పెట్టింది దీనికే. కార్డులు జి, ఇ మైనర్, సి, డి, ఒక్కో బార్ ఒక్కోటి. ఎడం చెయ్యి రెండో ఫ్రెట్ నుంచి ఐదో ఫ్రెట్ మధ్యనే ఉండాలి, దాటకూడదు. బార్‌కి ఎనిమిది నోట్లు, ఆగకూడదు, నోట్లు ఆ కార్డువే అయి ఉండాలి, పైకి వెళ్తుంటే చివరిదాకా వెళ్లి తిరగాలి, దిగుతుంటే చివరిదాకా దిగి తిరగాలి. కార్డు మారినప్పుడు స దగ్గరికి పరిగెత్తకూడదు, ఉన్న చోటు నుంచి, వెళ్తున్న దిక్కులోనే, కొత్త కార్డులో ఏ నోటు ముందు తగిలితే అది పట్టుకోవాలి. చదవడానికి ఏముందిలే అనిపిస్తుంది. జితో మొదలుపెట్టి జి, బి, డి, జి, బి దాకా ఎక్కి, మళ్లీ జి, డి, బి అని దిగేసరికి బార్ అయిపోతుంది, ఇ మైనర్ వచ్చేసింది. బి కింద దొరికే ఇ మైనర్ నోటు జి, అంటే ఇ మైనర్ బార్ ఇతో మొదలవ్వట్లేదు, జితో మొదలవుతోంది. జి, బి, ఇ, జి, బి, తిరిగి జి, ఇ, బి. అక్కడి నుంచి సి కార్డుకి కూడా మళ్లీ జియే తగులుతుంది. ఇక్కడిదాకా హాయిగా ఉంటుంది, ఎందుకంటే ఈ మూడు కార్డులకీ మధ్యలో కలిసే నోట్లున్నాయి. సి నుంచి డికి వెళ్లేటప్పుడు ఒక్కటీ కలవదు: సి, ఇ, జి ఒకవైపు, డి, ఎఫ్ షార్ప్, ఏ ఒకవైపు. దిగుతూ సి నోటు మీద ఉండగా కార్డు మారుతుంది, తర్వాత తగిలేది కింది 'ఇ' తీగ మీద ఐదో ఫ్రెట్ దగ్గర ఏ నోటు, దాని కింద రెండో ఫ్రెట్ మీద ఎఫ్ షార్ప్. చెయ్యి సి చుట్టుపక్కలే తచ్చాడుతుంటుంది, బుర్ర మాత్రం ఒక నోటు ముందు ఉండాలి. మా ముగ్గురిలో ఎవరం ఆగిపోయినా మాస్టారు తిట్టరు, మెట్రోనోమ్ కూడా ఆపరు, "వచ్చే కార్డు దగ్గర ఎక్కు" అంటారు అంతే. స్టేజి మీద పాట నీ కోసం ఆగదు కదా అన్నది ఆయన వాదన.

దీని ఫలితం నాకు ఆదివారం చర్చిలో తెలిసింది. మా టీమ్‌లో కీబోర్డ్ అన్నయ్య జి, డి, ఇ మైనర్ అని మూడు కార్డులు వరసగా వేసే పాట ఒకటుంది, అక్కడ డి కార్డు కింద నేను డి కాకుండా ఎఫ్ షార్ప్ వేశాను, దాని గాంధారం అన్నమాట. జి, ఎఫ్ షార్ప్, ఖాళీ ఇ, ఒకే తీగ మీద మెట్లు దిగినట్టు వస్తుంది. అన్నయ్య వాయిస్తూనే తలెత్తి చూశాడు. ప్రార్థన అయ్యాక "ఆ దిగుడు ఏంట్రా, మళ్లీ వచ్చే వారం కూడా వెయ్యి, నేను ఎడం చేత్తో ఏం వెయ్యను" అన్నాడు. పాట అదే, కార్డులూ అవే, కింద ఉన్న ఒక్క నోటు మారేసరికి డి కార్డు రంగే మారింది. అయితే దీనికి మాస్టారు కట్టడి ముందే పెట్టారు: పాట ఎత్తుకునేటప్పుడు, పల్లవి తిరిగొచ్చే చోట స తప్ప ఇంకోటి వెయ్యొద్దు, పాడేవాళ్లు దాని మీదే నిలబడతారు. మీ తెలివంతా చరణం మధ్యలో చూపించుకోండి అంటారు.

ఇంకో మంచి పని, తిస్ర నడక. మన దగ్గర జానపదాల్లో, తీర్థాల్లో డప్పు మీద, చర్చి పాటల్లో ఆరు దెబ్బల నడక ఎంత ఎక్కువో చెప్పక్కర్లేదు, కానీ బేస్ పుస్తకాలూ వీడియోలూ ఎక్కువగా నాలుగు దెబ్బల్లోనే ఉంటాయి. ఈయన స గ ప, స గ ప అని మూడేసి నోట్లతో మొదలుపెట్టించి, తర్వాత అదే ఆరు దెబ్బల్లోకి నాలుగు నోట్ల సెవెన్త్ ఆర్పెజియో ఎక్కిస్తారు. నాలుగు ఆరులో ఇమడదు, రెండు బార్లకి పన్నెండు దెబ్బలు, మూడు ఆర్పెజియోలు, అప్పుడు మళ్లీ స మొదటి దెబ్బ మీదకి వచ్చి పడుతుంది. వచ్చి పడినప్పుడు వచ్చే మజా వేరు. మృదంగం వాళ్లకి ఇదేం కొత్త కాదు, మనకి కొత్త.

ఇప్పుడు నచ్చనివి. ఆంప్ ఒక్కటే, అదీ చిన్న ప్రాక్టీస్ ఆంప్, ముగ్గురూ వంతులేసుకోవాలి. మిగతా ఇద్దరూ ఊరికే విన్నా నేర్చుకున్నట్టే అని మాస్టారు అంటారు, కొంత నిజమే గానీ చింతలపూడి నుంచో తాడేపల్లిగూడెం నుంచో అంత దూరం వచ్చి ఇరవై నిమిషాలే ఆంప్ మీద వాయించి వెళ్లాలంటే ప్రాణం ఉసూరుమంటుంది. రేకుల గది కాబట్టి ఎండాకాలం మధ్యాహ్నం బ్యాచ్ వద్దే వద్దు, వానొస్తే ఏం వినపడదు. ఖాళీ 'ఏ' తీగ గట్టిగా మీటితే పైన ఒక రేకు జర్రున మోగుతుంది, ఆ ఒక్క నోటుకే, మిగతావాటికి కిక్కురుమనదు. నేను ఉన్నన్నాళ్లూ దాన్ని బిగించిన వాళ్లు లేరు, అందరం ఆ తీగ మెల్లగా మీటడం అలవాటు చేసుకున్నాం.

నోట్స్ ఇవ్వరు, ట్యాబ్ (ఏ తీగ మీద ఏ ఫ్రెట్ నొక్కాలో అంకెల్లో చూపించే రాత) రాయరు. ఫోన్లో ఆడియో రికార్డ్ చేసుకోవచ్చు, వీడియో తియ్యనివ్వరు. ఆడియో అయితే ఇంటికెళ్లి వెతుక్కుంటావు, వీడియో అయితే కాపీ కొడతావు అన్నది ఆయన లెక్క, నాకు మాత్రం వేళ్లు చూసుకోవాల్సిన చోట ఇది అనవసరపు పంతం అనిపించింది, ముఖ్యంగా కుడి చెయ్యి విషయంలో. కుడి చేతికి చూపుడు, మధ్య వేళ్లు తప్పకుండా మార్చిమార్చి మీటాలి అంటారు. పైకి వెళ్లేటప్పుడు సరే. దిగేటప్పుడు 'డి' తీగ మీటిన వేలు సహజంగానే వెళ్లి 'ఏ' తీగ మీద ఆనుతుంది, అదే వేలితో దాన్ని కూడా మీటేస్తే సుఖం, చాలామంది మంచి బేస్ వాయిద్యగాళ్లు అలాగే చేస్తారు. ఈయన రెండు నెలలు దాన్ని ఒప్పుకోరు. ముందు క్రమశిక్షణ, తర్వాత సుఖం అంటారు, మూడో నెలలో ఆయనే నేర్పుతారు కూడా. భీమవరం అమ్మాయి దీని మీద కూడా వాదించింది, గెలవలేదు.

చదివే నొటేషన్ అస్సలు రాదు ఈ క్లాసులో. ముందుముందు స్టూడియో పనికో, గ్రేడ్ పరీక్షలకో వెళ్దామనుకునే వాళ్లకి ఇది పెద్ద లోటు, వాళ్లు ఆన్‌లైన్లో స్టాఫ్ నొటేషన్ విడిగా నేర్చుకోవాల్సిందే. ఆన్‌లైన్ పాఠాల్ని నేను తీసిపారెయ్యను, ఆర్పెజియో బొమ్మలు, అన్ని ఫ్రెట్ల మీద అన్ని ఆకారాలు అక్కడ ఉచితంగా కావలసినన్ని ఉన్నాయి. అక్కడ దొరకనిది, చిటికెనవేలు తీగకి అంగుళం పైకి లేచిపోతోందని చెప్పే మనిషి. ఇంకోటి, వీడియోల్లో ఆకారం వస్తే పాఠం అయిపోయినట్టే, ఒక ఆకారంలోంచి ఇంకో ఆకారంలోకి తాళం తప్పకుండా ఎలా వెళ్లాలో అడిగే దిక్కుండదు. పాటలో వచ్చే చిక్కంతా అక్కడే.

అందరికంటే పెద్ద తలనొప్పి ముహూర్తాలు. మాఘం, ఫాల్గుణం వచ్చాయంటే మాస్టారు రాత్రిళ్లు ఏ మండపేటలోనో తణుకులోనో స్టేజి మీద ఉంటారు, పొద్దున క్లాసు ఉందో లేదో ఆయనకే తెలియదు, ఫోన్ ఎత్తరు. శ్రావణంలోనూ అంతే. పోయిన క్లాసులు తర్వాత కలుపుతారు, అందులో మోసం లేదు, కానీ బస్సు దిగి డాబా ఎక్కాక తాళం కనిపిస్తే ఆ కోపం కలిపిన క్లాసుతో పోదు. ముందురోజు రాత్రి ఒక మెసేజ్ పెడితే ఏం పోయిందో.

క్లాసు బయటి సాయం కూడా చెప్పాలి. మన దగ్గర గాలిలో తేమ, సముద్రం వైపు ఊళ్లలో ఉప్పుగాలి, తీగలు తొందరగా తుప్పు పట్టేస్తాయి, బేస్ తీగల సెట్టు మామూలు గిటార్ సెట్టంత చవక్కాదు. వాయించడం అవ్వగానే పొడి గుడ్డతో తీగ పైనా కిందా తుడిచి కానీ బ్యాగులో పెట్టనివ్వరు, ఆయన గదిలో ఆ గుడ్డ మేకుకి వేలాడుతూనే ఉంటుంది. వానాకాలం ముందూ వెనకా మెడ వంగి తీగలు ఎత్తులో తేడా వస్తే, మెడ లోపలుండే ట్రస్ రాడ్ (వంపు సరిచేసే కడ్డీ)ని పావు చుట్టు చొప్పున తిప్పి, ఒక రోజు వదిలేసి, మళ్లీ చూసి సరిచేస్తారు, దీనికి డబ్బులు తీసుకోలేదు. చెయ్యి చిన్నది, కొత్త గిటార్ కొంటాం అన్నవాళ్లకి 30 అంగుళాల షార్ట్ స్కేల్ (తీగ పొడవు తక్కువున్న బేస్) చూడమని చెబుతారు, అది పిల్లల గిటార్ అని వెక్కిరించే షాపువాళ్ల మాట వినొద్దంటారు. ఐదు తీగల బేస్ తెస్తే మాత్రం ఐదోదాన్ని ముట్టుకోనివ్వరు, నాలుగు తీగల మీద దారి తెలిసినవాడికి ఐదోది అదే తెలుస్తుంది అని.

మొత్తం మీద నా రేటింగ్ ఐదుకి నాలుగు. కార్డుల పేర్లు తెలిసి, శ్రుతి చేసుకోవడం వచ్చి, ఏదో ఒక టీమ్‌లో వారం వారం వాయించే వాళ్లయితే కళ్లు మూసుకుని చేరొచ్చు, నేర్చుకున్నది ఆ ఆదివారమే వాడుకోవచ్చు. టీమ్ లేకుండా ఇంట్లో ఒక్కళ్లే వాయించుకునే వాళ్లకి రెండో నెల దాకా ఏం జరుగుతోందో అర్థం కాక విసుగొస్తుంది, మా తర్వాతి బ్యాచ్‌లో ఒకతను అలాగే మానేశాడు. పదేళ్లలోపు పిల్లల్ని పంపకండి, ఆయనకి వాళ్లతో ఓపిక లేదు.

చేరేవాళ్లు ఆషాఢంలో చేరండి, పెళ్లిళ్లుండవు, క్లాసు తప్పదు. మూఢం రోజులు కూడా మంచివే. డిసెంబరు వద్దు, చర్చి బ్యాచంతా క్రిస్మస్ ప్రాక్టీసుల్లో ఉంటుంది, మీరొక్కరే మిగులుతారు, ముగ్గురు లేకపోతే ఆయన క్లాసు పెట్టరు. ఫోన్ చెయ్యకండి, ఉదయం తొమ్మిది లోపు నేరుగా వెళ్లి అడగండి. సఖినేటిపల్లి వైపు నుంచి పంటు (గోదావరి దాటించే పడవ) మీద నరసాపురం దాటి వచ్చేవాళ్లు సాయంత్రం బ్యాచ్ తీసుకోవద్దు, గంట అన్న క్లాసు గంటన్నర అయితే తిరుగు పంటు కోసం పరిగెత్తాలి. రాజోలు, మలికిపురం వాళ్లకి చించినాడ బ్రిడ్జి ఉంది కాబట్టి ఆ గొడవ లేదు, కాకపోతే బైక్ మీద గిటార్ తెచ్చేవాళ్లు పల్చటి కవర్లో తేకండి, వంతెన మీద గాలికి మెడ పట్టుకుని లాగేస్తుంది, దళసరి బ్యాగ్ కొనుక్కోండి.